చుట్టం ఇంటి ఎద్దు

గణేష్ రాసుకొచ్చిన ప్రాజెక్టు ప్రకారం వాళ్ల ఊళ్లో రెండు సినిమా హాళ్లు, ఒక బస్సు డిపో, ఏడాది పొడుగునా పారే ఏరు ఉన్నాయి.

పదో తరగతి మొత్తం విరగబడి నవ్వింది. గోనెగండ్ల మండలంలోని ఆ ఊరికి ఎమ్మిగనూరు నుంచి రోజుకు రెండు బస్సులు. రెండోది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఊరి పక్క వంక పెద్ద వాన పడితే మూడు రోజులు పారుతుంది, నాలుగో రోజు మేకలు అడ్డంగా నడిచిపోతాయి.

సులోచన టీచరు మాత్రం నవ్వలేదు. ఆదోనిలో పత్తి వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచు. రోజూ రెండు బస్సులు మారి వచ్చి సోషల్ చెప్తుంది.

"ఇది ఎవరు రాసినారు గణేష్?"

"ఫోన్లో ఉండాది టీచర్."

"ఫోన్లో ఎవరు రాసినారు?"

"ఫోనే రాసింది టీచర్."

"ఫోను ఏ ఊరాయన?"

మళ్లీ నవ్వులు. గణేష్ కూడా నవ్వాడు. వాడికి తనమీద తాను నవ్వుకోవడం కొత్త కాదు. మన ఊరి పేరే ఉన్న ఇంకో ఊరు ఎక్కడో ఉందని, వాడు పేరొక్కటే చూసి మిగతాదంతా దించేశాడని టీచరు వివరించింది. తర్వాత బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాసింది. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎందుకు రాశారు? ఇంకెక్కడైనా అదే మాట ఉందా?

పిల్లలు తలలు వంచి గబగబా ఎక్కించుకున్నారు. వెనక బెంచీ నుంచి ఒక గొంతు, "ఇంపార్టెంటా టీచర్? ఎన్ని మార్కులకు వస్తాది?" అని అడిగింది.

సులోచన చేతిలోని చాక్‌పీసును బల్ల మీద పెట్టేసింది. ఈ నాలుగు ప్రశ్నలను బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, ఇంటికిపోయి ఫోన్లో ఏది కనబడితే అది నమ్ముతారు. నోట్సుకు ఎక్కింది, బుర్రకు ఎక్కలేదు.

"సరే, పుస్తకాలు మూయండి. మీ ఇండ్లల్లో ఏదైనా కొనేటప్పుడు మోసపోకుండా ఎట్ల చూస్తారు? ఎవరైనా చెప్పండి."

మూడో బెంచీలో జ్యోతి లేచి నిలబడింది.

"మా తాత ఎద్దును సూసినట్ల సూడాల టీచర్."

జ్యోతి తాత శేషప్ప పేరు ఆ చుట్టుపక్కల సేద్యం చేసేవాళ్లకు తెలియనిది కాదు. ఏటా ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల సంత పెద్దది. అక్కడ పగ్గం మీద చెయ్యి వేసే ముందు "శేషప్ప యాడుండాడు?" అని వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన దలారి కాదు. ఇద్దరి దగ్గరా ఏమీ తీసుకోడు. టీ తాగిస్తే తాగుతాడు. అందుకే ఆయన మాటకు అంత విలువ.

"మీ తాతను బడికి పిల్చుకొని రా" అంది సులోచన.

*

గురువారం నాడు శేషప్ప వచ్చాడు. ఉతికిన పంచె, భుజం మీద కొత్త తువ్వాలు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వాకిలి పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం సెప్పాల టీచరమ్మా ఈ పిల్లోల్లకు? ఈళ్లకు ట్రాక్టర్లు దెల్సు గాని ఎద్దులు యాడ దెల్సు?"

"నువ్వు జాతరలో ఎద్దును ఎట్ల చూస్తావో చెప్పు పెద్దాయనా, చాలు."

"ముందు ఎద్దును సూడను."

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ముసలాయనకు అది నచ్చింది.

"ముందే ఎద్దును సూస్తే అయిపాయ. కొమ్ములకు రంగేసింటారు, ఒంటికి నూనె రాసింటారు, మెడకు గంటలు కట్టింటారు. కండ్లు ఆడనే నిల్చిపోతాయి. నేను ముందు పగ్గం పట్టుకున్నోన్ని సూస్తా. సొంత ఎద్దయితే వాని సెయ్యి తగిల్తే సెవి గూడా కదిలించదు. మొన్న యాడనో కొని ఈడ అమ్మను తెచ్చినోడైతే ఎద్దు వాన్ని సూసి బెదుర్తాది. వాని పెండ్లాం పేరు అడిగితే సెప్తాడు గాని ఎద్దు పేరు అడిగితే నీళ్లు నములుతాడు."

సులోచన బోర్డు దగ్గరకు పోయి 'ఎవరు రాశారు' అని మళ్లీ రాసి కింద గీత గీసింది.

గణేష్ ఉండబట్టలేక అడిగాడు. "అప్పుడు వాన్ని ఏం అడుగుతావు తాతా?"

"వాన్ని ఏమీ అడగను. అమ్మేటోడు నా ఎద్దు బాగలేదని సెప్తాడేమిరా? వాని పక్కన నిలబడి 'అబ్బబ్బ ఏం ఎద్దప్పా' అంటాంటాడే, వాన్నీ అడగను. వాడు దలారి. వాళ్ల ఊరోన్ని యాడన్నా టీ అంగడి కాడ పట్టుకుంటా. ఎద్దు సంగతి ఎత్తనే ఎత్తను. 'మీ ఊర్ల పలానాయన పోయినేడు ఎన్ని దినాల్లో దున్నినాడప్పా' అంటా. 'యాడ దున్నినాడులే, ఎద్దు కాడి కింద పడుకుంటే బాడుగ ట్రాక్టరు పెట్టినాడు' అంటాడు. ఇంగేం గావాల?"

అమ్మాయిలు కూడా నోరు తెరుచుకుని వింటున్నారు.

"ఆఖర్న ఎద్దు నోరు తెరుస్తా. రెండు పండ్లా, నాలుగు పండ్లా, ఆరా, నోరు నిండినాదా. వయసు ఆడుంటాది. కొమ్ముకు రంగేస్తారు గాని పండ్లకు ఏం ఏస్తారు?"

"నిన్నెవురూ ఎప్పుడూ మోసం చెయ్యలేదా తాతా?"

గణేష్ కల్మషం లేకుండానే అడిగాడు. జ్యోతి మాత్రం బెంచీ కింద వాడి కాలు తొక్కింది. శేషప్ప తువ్వాలు దులిపి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"ఎండెక్కిందమ్మా టీచరమ్మా. ఎద్దులకు నీళ్లు పెట్టల్ల. పోయొస్తా."

కర్రెద్దు సంగతి ఊరంతటికీ తెలుసు. ఆయన ముందర ఎవరూ ఎత్తరు.

ఆ సాయంత్రం జ్యోతి ఇంట్లో గొప్పగా చెప్పుకుంది. టీచరు తాత మాటల్ని బోర్డు మీద రాసిందని, అమ్మేవాణ్ని అడగకూడదనే మాట పక్కన పెద్ద నక్షత్రం గుర్తు పెట్టిందని. తండ్రి నరసింహ రొట్టె తింటూ అన్నీ విన్నాడు.

*

శనివారం మధ్యాహ్నం ఇంట్లో మూటలు కడుతున్నారు. పత్తి ఏరడం అయిపోతే నల్లరేగడిలో ఇక పనుండదు. లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతారు. ఆ పోవడాన్ని అక్కడివాళ్లు సుగ్గి అంటారు. ఈ ఏడు నరసింహ, అంజినమ్మ పోవాలని, జ్యోతి పరీక్షలయ్యే దాకా తాత దగ్గర, అవ్వ తిప్పమ్మ దగ్గర ఉండాలని ఎప్పుడో అనుకున్నారు. లారీ సోమవారం పొద్దున.

నరసింహ ఫోను మోగింది. ఊరి గ్రూపులో ఒక కాగితం వచ్చింది. పైన ప్రభుత్వ ముద్ర, కింద గుండ్రటి స్టాంపు, పచ్చ సిరా సంతకం. పదో తరగతి పరీక్షలు వాయిదా పడ్డాయి, ఏప్రిల్ 26 సోమవారం నుంచి మొదలవుతాయి అని ఉంది. పెట్టినవాడు గోవిందన్న, లారీ మాట్లాడి కూలీలను కూడగట్టే మేస్త్రీ. కాగితం కింద తన మాటగా ఇలా పెట్టాడు: 'పది సదివే పిల్లోల్లను గూడా సుగ్గికి పిల్సుకొని రావచ్చు. పరీక్షలు వాయిదా.'

"మంచిదే ఆయ" అన్నాడు నరసింహ. "పాప గూడా వస్తాది. ఉగాది కాడికి ఎనక్కొస్తే ఇంగా నెల పైనుంటాది సదువుకోను."

అంజినమ్మ ముఖం విప్పారింది. మిరప తోటలో సాలుకు ఇద్దరు. ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు. నరసింహ బస్తాలు మోస్తాడు కాబట్టి ఆమెకు జోడీ లేదు. ఎవరో ముఖం తెలియని మనిషితో కలిసి తెంపాలి. పైగా పత్తి ఏరి ఏరి ఆమె కుడి భుజం లేవడం లేదు. కూతురు పక్కన ఉంటే ఎంతో ఊరట.

"నా సాలుకు నా బిడ్డే జోడీ" అంది, అప్పుడే ఇంకో చీర మూటలో పెడుతూ.

జ్యోతి వేళ్ల మీద లెక్కేసుకుంది. పరీక్షలు మార్చి పదహారున అని టీచరు ఎన్నిసార్లు చెప్పిందో. ఉగాది మార్చి పంతొమ్మిది. గుంటూరులో ఉంటే మొదటి పరీక్ష పోయినట్టే. ఒక్కటి పోతే పదో తరగతి పోయినట్టే. పది పోయిన ఆడపిల్లలు ఆ తర్వాత ప్రతి ఏడూ సుగ్గి లారీలోనే కనబడతారు. ఆమె పేర్లు చెప్పగలదు, తన వీధిలోనే నలుగురు.

"నాయనా, పరీక్షలు మూడో నెలలోనే. టీచర్‌ను అడుగుదాం ఉండు" అని ఫోను చేసి స్పీకరు పెట్టింది.

సులోచన అంతా విని అటునుంచి గట్టిగానే చెప్పింది. "అబద్ధం నరసింహా. మాకు ఏ కాగితమూ రాలేదు. పరీక్షలు మార్చి పదహారునే. పాపను పంపద్దు."

"సరేమ్మా, సరే" అని నరసింహ ఫోను పెట్టేశాడు. పెట్టేసి కూతురి వైపు తిరిగాడు.

"ఆయమ్మ అట్లనే అంటాది. పిల్లోల్లు బడి ఇడిస్తే ఆమెకు పైనోల్లు అక్షింతలేస్తారు. అమ్మేటోన్ని అడగద్దని మీ తాతే గదా సెప్పింది? నువ్వే గదా మొన్న ఇంత పొడుగు సెప్తివి?"

బడిలో నేర్చుకున్న పాఠం ఇంటికొచ్చి జ్యోతి మీదికే తిరగబడింది. అందులో తప్పు వెతుకుదామంటే తప్పు కనబడలేదు. టీచరుకు పిల్లలు బడిలో ఉండాలి. నిజమే కదా.

"తాతా, నువ్వన్నా సెప్పు."

శేషప్ప ఫోను చేయంత దూరం పెట్టుకుని చూశాడు. "ముద్ర ఉండాది. సంతకముండాది. పెట్టినోడు మన గోవిందు. మా అక్క కొడుకు. వాడు మనకు అబద్ధం పెడ్తాడా పాపా?" అని ఫోను తిరిగిచ్చి, తువ్వాలు తలకు చుట్టుకుని కొట్టంలోకి వెళ్లిపోయాడు. జాతర వారం రోజుల్లో ఉంది. ఎద్దులకు మాలీషు చేయాలి.

*

కొట్టంలో ఆయన ఎద్దు వీపు మీద గడ్డి వెంటితో రుద్దుతున్నాడు. జ్యోతి వచ్చి మేత వేసే గాటికి ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే అమ్మ దగ్గరకు తీసుకుంటుంది, తీసుకున్నాక లారీ ఎక్కిస్తుంది.

"తాతా, కర్రెద్దు పండ్లు ఎందుకు సూడ్లేదు?"

రుద్దే చెయ్యి ఆగింది. ఆ ఇంట్లో పాతికేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది.

"ఎవురు సెప్పిరే నీకు?"

"అవ్వ సెప్పింది. ఎందుకు సూడ్లేదని మాత్రం సెప్పలేదు."

శేషప్ప గడ్డి వెంటిని గాట్లో పడేశాడు. ఎద్దు చెవి వెనక గోకుతూ చెప్పాడు.

"మీ అవ్వ తోడబుట్టినోడు అమ్మినాడు. నా బామ్మర్ది. ఆల్లింటికే పోయింటి. కడుపునిండా బువ్వ పెట్టిరి. కర్రెద్దు, మెరుస్తాండాది. చుట్టం ఇంటి ఎద్దుకు నోరు తెరిచి సూడకూడదు పాపా. తెరిస్తే 'నిన్ను నమ్మల్యా' అని మొగం మీద అన్నట్ల. సంబంధం చెడ్తాది. మన పక్క ఎవురూ సూడరు."

"తర్వాత?"

"తర్వాతేముండాది. దుక్కిలో రెండో దినమే కూలబడె. అప్పుడు తెరిసి సూస్తే పండ్లు అరిగి సిగుర్ల కాడికి వచ్చినాయి. నా బామ్మర్దికీ దెల్దంట. వాడూ వాని చుట్టం కాడ నోరు తెరవకనే కొన్నాడంట."

జ్యోతి ఫోను ఆయన ముందు పెట్టింది.

"ఇదీ చుట్టం ఇంటి ఎద్దే గదా తాతా."

శేషప్ప ఆమె ముఖం చూశాడు, ఫోను చూశాడు. ఎద్దు తల ఆడించింది, మెడలో గంట మోగింది. ఆయన పెదాల మీదికి నెమ్మదిగా ఒక నవ్వొచ్చింది. సంతలో ఎవడైనా బేరగాడు తనను మించిన మాట అన్నప్పుడు వచ్చే నవ్వు అది.

"దీనికి పండ్లు యాడుంటాయే?"

"సూద్దాం రా."

ఇద్దరూ గాటి అంచున కూర్చున్నారు. జ్యోతి వేళ్లతో కాగితాన్ని పెద్దది చేసింది. పై నుంచి మొదలుపెట్టింది. నంబరు ఉండాల్సిన చోట సగం నంబరే ఉంది. తేదీ ఉండాల్సిన చోట కాగితం అంచు అయిపోయింది.

"ఈడ కోసేసినారు తాతా. కాగితం ఎప్పటిదో కనబడకుండా."

"కొమ్ము ఇరిగిన కాడ గుడ్డ చుట్టినట్ల. ఇంగా సూడు."

"ఏప్రిల్ 26, సోమవారం అని ఉండాది." జ్యోతి లేచి లోపలికి పరుగెత్తింది. గోడకు ఎమ్మిగనూరు విత్తనాల అంగడివాళ్లు ఇచ్చిన క్యాలెండరు ఉంది. మేకు నుంచి పీకి తెచ్చింది. ఏప్రిల్ పేజీ తిప్పింది. ఇరవై ఆరు ఎర్ర అంకె.

"ఆదివారం తాతా! ఈ ఏడు ఆ దినం ఆదివారం!"

"ఆదివారం పరీక్ష పెడ్తారేమే మీ సర్కారోల్లు?"

"పెట్టరు."

ఫోన్లోని క్యాలెండరు తెరిచి ఏళ్లు వెనక్కి జరుపుతూ పోయింది. పోయినేడు శనివారం. అంతకు ముందు శుక్రవారం. తర్వాత బుధవారం, మంగళవారం. రెండు వేల ఇరవై ఒకటికి చేరేసరికి సోమవారం.

"కరోనా ఏడు" అంది జ్యోతి మెల్లగా. మళ్లీ కాగితానికి వచ్చి, ఎవరూ చదవని అడుగు భాగాన్ని, చీమల బారులాంటి అక్షరాల్ని పెద్దవి చేసింది. చదివి పకపకా నవ్వింది. "తాతా, విను. 'విద్యార్థులు విధిగా మాస్కు ధరించి, మనిషికీ మనిషికీ దూరం పాటించవలెను.'"

"మూతి గుడ్డ!" శేషప్ప తొడ చరిచాడు. "అయిదేండ్ల నాటి ముసిల్దాన్ని తెచ్చి, రెండు పండ్ల కోడె అని అమ్ముతాండారు గదే!"

"నాయన నమ్ముతాడా?"

"నమ్మడు. వాడు నా కొడుకు. పండ్లు సూసినాక గూడా ఇంగో మాట అడుగుతాడు." ఆయన తన చిన్న బటన్ల ఫోను జేబులోంచి తీశాడు. "మీ పరీక్ష రాసేది యాడ?"

"గోనెగండ్ల పెద్ద బళ్లో."

"ఆ బడి వాచ్‌మన్‌కు పోయినేడు నేనే కోడెల్ని సూసి ఇప్పిచ్చినా. వానికి నువ్వు పరీక్ష రాసినా ఒకటే, రాయకున్నా ఒకటే. పిలువు మీ నాయనను. వాడు గూడా ఇనాల."

నరసింహ వచ్చి నిలబడ్డాడు. శేషప్ప ఫోనులో కుశలం అడిగాడు, కోడెల మేత గురించి అడిగాడు, తీరిగ్గా దగ్గాడు. ఆ తర్వాత అన్నాడు, "ఏమప్పా, మూడో నెల పదహారున మా చుట్టాల పెండ్లి ఒకటి ఉండాది. మీ బడి వరండా ఒక దినం ఇప్పిస్తావా?"

అటునుంచి గొంతు కొట్టమంతా వినబడింది. "పదహారునా? యాడిస్తారన్నా! ఆ పొద్దు నుంచే పదోళ్ల పరీక్షలు. మొన్ననే బెంచీలెన్నుండాయో లెక్క రాసుకొని పాయిరి. పరీక్షలు అయినాక సూసుకోండి."

"అట్లనా. సరేలేప్పా, పెండ్లినే ఇంగో దినానికి జరుపుకుంటాంలే."

ఫోను జేబులో పెట్టుకుని శేషప్ప కొడుకు వైపు చూశాడు. నరసింహ కాగితాన్ని, ఎర్ర అంకెను, మాస్కు మాటను ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గోవిందు బావ ఎందుకు పెట్టినాడు నాయనా మరి?"

"పోయి అడుగుదాం పా."

*

ఆదివారం పొద్దున గోవిందన్న తన ఇంటి ముందు టార్పాలిను పట్టా పరిచి చిరుగులు కుడుతున్నాడు. ముసలాయన, నరసింహ, వెనక క్యాలెండరు చంకలో పెట్టుకుని జ్యోతి రావడం చూసి నవ్వాడు.

"ఏం మామా, మేళతాళాల్తో వస్తాండారు?"

"అల్లుడా, నీ ఎద్దు నోరు తెరవాల."

గోవిందన్న చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఎద్దు అంటే ఏమిటో అర్థం కాకపోయినా, నోరు తెరవడమంటే ఏమిటో ఆ పక్క ఎవరికైనా అర్థమవుతుంది.

"ఏం మాట మామా అది? నేనేం పరాయోన్నా?"

"నిన్ను కాదురా. నువ్వు తోలుకొచ్చిన ఎద్దును. సెప్పు పాపా."

జ్యోతి చెప్పింది. కోసేసిన అంచు చూపింది, క్యాలెండరు తెరిచి ఆదివారం చూపింది. మాస్కు దగ్గరకు వచ్చేసరికి ఇంట్లోంచి గణేష్ బయటికి దూకాడు. గోవిందన్న కొడుకే వాడు. వాడి సంచీ కూడా లారీ కోసం సర్ది ఉంది.

"నాయనా! ఫోను ఏ ఊరాయన?" అన్నాడు గణేష్.

"నోర్ముయ్ రా" అన్నాడు గోవిందన్న. కానీ ఫోను తీశాడు. ఆ కాగితం పంపిన ఆదోని మనిషికి చేశాడు. ఆయన తనకు ఇంకో గ్రూపులో వచ్చిందన్నాడు. ఆ గ్రూపు మనిషికి చేస్తే ఆయన, "ఎవురో పెట్టినారప్పా, మంచి మాటే గదా అని నేనూ పెట్టినా" అన్నాడు. మూడో మనిషి ఎత్తలేదు.

"దొడ్డి లేని ఎద్దు" అన్నాడు శేషప్ప.

గోవిందన్న పట్టా మీద కూలబడ్డాడు. "మామా, నీ మీద ఆన. నేను కోయలేదు, కుట్టలేదు. లారీకి మనుసులు తక్కువుంటిరి. ఈ కాగితం సూస్తానే సంతోషమాయ. సంతోషంలో ఆఖరు దాకా యాడ సదివితి?"

"మా బామ్మర్ది గూడా అట్లనే అన్నె" అన్నాడు శేషప్ప. కర్రెద్దు మాట ఆయన నోటి నుంచే రావడం విని నరసింహ తల తిప్పి చూశాడు.

గోవిందన్న గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాడు. ఊళ్లో చాలా ఇళ్లల్లో ఒకేసారి అది వినబడింది. "అందరికీ సెప్పేదేమనగా, నేను నిన్న పెట్టిన కాగితం కరోనా నాటిదంట. పరీక్షలు మూడో నెలలోనే. పదోళ్లను ఎవురూ లారీ ఎక్కించొద్దు. మా వాడు గూడా రాడు. ఎవురైనా నన్ను తిట్టాలంటే ఇంటికొచ్చి తిట్టండి, గ్రూపులో తిట్టొద్దు."

ఆ లారీ ఎక్కాల్సిన పదో తరగతి పిల్లలు ఆరుగురు.

*

ఇంటికి వచ్చాక అంజినమ్మ అంతా విన్నది. కూతురికని పెట్టిన చీరను మూటలోంచి తీసి మడతపెట్టింది. కోపం లేదు, కానీ భుజం పట్టుకుని అడిగింది, "మరి నా సాలుకు జోడీ ఎవురు?"

కాగితం అబద్ధమని తేలినంత మాత్రాన అంజినమ్మ భుజం బాగుపడలేదు.

"నేనొస్తా" అన్నాడు శేషప్ప.

"నువ్వా? జాతరో?" అన్నాడు నరసింహ. నలభై ఏళ్లలో ఆయన ఒక్కసారీ మానని జాతర అది.

"జాతర వచ్చే ఏడు గూడా వస్తాది. పాప పరీక్ష వస్తాదా? మిరపకాయ తెంపను పండ్లు సూసే పని లేదు, ఎర్రగుంటే తెంపేదే." జ్యోతి వైపు తిరిగాడు. "ఎద్దులకు పొద్దున నీళ్లు, సాయంత్రం సొప్ప. మీ అవ్వకు నువ్వు తోడు. సదువు ఇడిసి కొట్టంలో కూర్చుంటే మాత్రం వచ్చి తంతా."

సోమవారం లారీ పోయింది. మూటల మధ్య శేషప్ప తలగుడ్డ మలుపు దాకా కనబడింది.

బడిలో సులోచన టీచరు ఆ కాగితాన్ని పెద్ద తెర మీద వేసింది. జ్యోతి చేతికి కర్ర ఇచ్చి తాను వెనక బెంచీలో కూర్చుంది. జ్యోతి కోసేసిన అంచు నుంచి మాస్కు దాకా చూపించింది. నాయన టీచరు మాట నమ్మలేదన్న సంగతి మాత్రం దాటేయబోయింది.

"అదీ చెప్పు" అంది సులోచన. "నా మాట నమ్మలేదని ఆ రోజు నాకు కోపమొచ్చింది. బస్సులో ఆలోచిస్తే మీ నాయన అడిగినదాంట్లో తప్పేముంది? నా మాట కూడా నోరు తెరిచి చూసుకోవాల్సిందే. చూసినాకనే నమ్మండి. అప్పుడు గట్టిగా నమ్మండి."

"ఇది ఇంపార్టెంటా టీచర్?" అని ఎవరూ అడగలేదు. గణేష్ మాత్రం తన ప్రాజెక్టు మళ్లీ రాసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. సినిమా హాళ్లు లేవు, డిపో లేదు. వంక పోయినేడు ఎన్ని రోజులు పారిందో వంక గట్టున మేకలు కాసే ముగ్గుర్ని వేర్వేరుగా అడిగి రాశాడు. ఇద్దరు మూడన్నారు, ఒకరు నాలుగన్నారు. ఆ తేడా కూడా రాశాడు.

మార్చి పదహారు పొద్దున జ్యోతి ఎద్దులకు నీళ్లు పెట్టి, తలకు నూనె రాసుకుని బయలుదేరుతుంటే ఫోను మోగింది. గుంటూరు వైపు తోటలోంచి తాత గొంతు. వెనక ఆడవాళ్ల మాటలు, బస్తాలు ఈడ్చే చప్పుడు.

"పాపా, హాల్ టికెట్టు తీసుకుంటివా?"

"తీసుకున్నా తాతా. అమ్మ భుజం ఎట్లుండాది?"

"మేలే. నేనే ఆయమ్మ కంటే ఎనకబడ్తాండా. సరే, ఆ టికెట్టులో తేదీ ఏముండాది?"

"పదహారు."

"వారం?"

"సోమవారం."

"క్యాలెండర్లో?"

జ్యోతి నవ్వుకుంటూ గోడ వైపు చూసింది. ఆ క్యాలెండరు మళ్లీ తన మేకుకే వేలాడుతోంది.

"క్యాలెండర్లో గూడా సోమవారమే తాతా."

"అయితే పో. పోయి రాసి రా."